గుండ్రటి చేపలు

నాన్నా, అన్నం మూత పెట్టి ఉంచాను, చల్లారకముందే తిను. గుండ్రటి చేపలకి మేత చిటికెడే వెయ్యి, ఎక్కువైతే పొట్ట ఉబ్బుతుంది. ఆడవాటినీ మగవాటినీ విడదీసి వేరువేరు తొట్లలో వేసింది నేనే. మళ్ళీ కలపకు. వెన్ను వంకరగా పుట్టినవాటినే ఏరి ఏరి జత కట్టించి, బంతుల్లా ముద్దుగా ఉన్నాయంటూ అమ్ముతున్నావు. అవి ఈదలేక ఆయాసపడుతుంటే కొనేవాళ్ళు డాన్సనుకుని చప్పట్లు కొడుతున్నారు. నీకు నడుం పట్టేస్తే మాత్రం ఇల్లంతా పరుగులు పెట్టిస్తావు! నేను ఇంటికొచ్చాక నువ్వెంత అరిచినా సరే, కలపనివ్వను.

అన్నట్టు, నీ నడుం బెల్టు ఉతికి తలుపు వెనక తగిలించాను. చేపల సైజులో ఇంకోటి ఎక్కడైనా దొరికితే తీసుకురా. ఆ రోజే జంటలు కలుపుతాను.