తలుపు పగిలాక రాసిన కారణం

ఏవండీ,

మీరు పోయి మూడేళ్ళు నిండిన రోజునే మన ఇంటికి సారా సోదా వచ్చింది. మీరు చేసిన ఉద్యోగమే ఇప్పుడు చేస్తున్న ఎక్సైజు ఇన్‌స్పెక్టరు, వెంట నలుగురు కానిస్టేబుళ్ళు. నేను గడియ తీసేలోగానే తలుపు పగలగొట్టారు.

మన రవి "వారంటు ఏదండీ?" అన్నాడు. లాఠీతో మూతి మీద కొట్టారు. రెండు పళ్ళు గచ్చు మీద పడ్డాయి. పడిపోయినవాణ్ణి ఇంకా తన్నారు. కోడలు అడ్డం వెళితే జుట్టు పట్టి గోడకు కొట్టారు. చేపల మేత బస్తాలన్నీ కత్తితో చీల్చారు. సారా చుక్క కూడా దొరకలేదు.

"వారంటు లేకుండా రావచ్చు, నాకూ తెలుసు. కానీ ఎందుకు వస్తున్నారో ముందే రాసుకోవాలి, ఊళ్ళోవాళ్ళని ఇద్దర్ని సాక్షులుగా పిలవాలి. ఆ కాగితం చూపించండి," అన్నాను.

"మామ్మగారు లా చదివారా?" అని ఒక కానిస్టేబులు నవ్వాడు.

"మా ఆయన ఇరవై ఏళ్ళు మీ పనే చేశారు."

"అయితే మీకు తెలియందేముందండీ? ఆయనా ఇలాగే రాసుంటారు," అంటూ ఇన్‌స్పెక్టరు మన బల్ల మీద రక్తం తుడిపించి, అక్కడే కూర్చుని కారణం రాశాడు.

ఏలూరు ఆసుపత్రిలో రవి దవడకి వైర్లు కట్టారు. వాడు మాట్లాడలేడు కనక కలెక్టరుగారికి ఫిర్యాదు నేనే రాస్తున్నాను. కొల్లేటి లంకల్లో సోదాలు చేసి వచ్చిన రోజుల్లో మీ చొక్కా చేతుల మీద రక్తం నేనే ఉతికేదాన్ని. ఎవరిదని ఒక్కసారీ అడగలేదు.

ఫిర్యాదు రేపు ఇస్తాను. అందులో అది కూడా రాస్తాను.