సన్న లావెండర్ నూనె

లూర్ కొండ, పై పొలం
1917 జూలై 2

ప్రియమైన అమ్మకు,

ఇక్కడ అంతా కులాసా. లావెండర్ ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు, కోతకి మూడు వారాలు పడుతుంది. మా ఆయన లియోన్స్ జర్మన్ల ఖైదులోంచి కార్డు రాశాడు, తిండి చాలట్లేదట. మామగారు గొర్రెలు చూసుకుంటున్నారు.

మా కుక్కని పాము కరిచింది. పచ్చి లావెండర్ కొమ్మలు నలిపి రుద్దాం. బతికింది గానీ పుండు మానట్లేదు. నీ బట్టీలో తీసిన సన్న లావెండర్ నూనె రెండు సీసాలు గురువారం బండిలో పంపు. పాత దుప్పటి గుడ్డలుంటే అవి కూడా.

నీ కూతురు
నొరీన్


దిగువ ఊరు
జూలై 6

నా చిట్టితల్లి నొరీన్‌కు,

నీకేమైనా మతి పోయిందటే? కుక్కకి సన్న లావెండర్ నూనెనా! ఏ వేటగాణ్ణి అడిగినా చెబుతాడు, పాము కాటుకి కింది వాలులో పెరిగే మోటు లావెండరే వాడాలని. జంతువులకి అది, మనుషుల ఒంటికి ఇది. నువ్వు అడుగులేస్తున్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను. సరే, పంపుతున్నాను. కుక్క మీద ఒలకబోశావో, వచ్చి చెవి మెలిపెడతాను.

నీ తమ్ముడు సిప్రియన్ యుద్ధం నుంచి ఏప్రిల్ తర్వాత ఒక్క ముక్క రాయలేదు. పోస్టు కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాస్తున్నాయి. మన పక్కింటి కుర్రాడు యుద్ధంలోంచి పారిపోయి వచ్చాడు. పోలీసులు నడివీధిలో తుపాకీ మడమలతో పళ్ళు రాలగొట్టి ఈడ్చుకుపోయారు. వాళ్ళమ్మ తల దించుకుని తిరుగుతోంది. నా కొడుకే అలా వస్తే గుమ్మం తొక్కనిస్తానా? మీ నాన్నని చంపింది ఆ జర్మన్లే కదే!

గుడ్డలు ఉడకబెట్టి పంపాను. జాగ్రత్త.

మీ అమ్మ


పై పొలం
జూలై 13

ప్రియమైన అమ్మకు,

సీసాలు అందాయి. కోపం తగ్గిందా?

ఇక్కడ ఇంకో గొడవ. మా కంచర గాడిద కొడవలి మీద పడింది. భుజం దగ్గర లోతుగా దిగింది, చీము పట్టి వాసన కొడుతోంది. పువ్వులు వెనిగర్‌లో మరగబెట్టి కడిగితే చాలా, నూనె లోపలికి పోయాలా? అలాగే, నిద్రలో అరిచే మనిషికి ఎండుపూల కషాయం ఎంత పట్టాలి? మామగారికి ఈమధ్య సరిగా నిద్ర ఉండట్లేదు. ఆయన గురించి నువ్వేమీ అనుకోకు.

కోతకి వస్తానన్నావు కదా, ఇప్పుడప్పుడే రాకమ్మా.

నీ
నొరీన్


దిగువ ఊరు
జూలై 17

నా బంగారు తల్లీ,

నీకు అబద్ధం ఆడటం ఎప్పుడు చేతనైంది గనక? కుక్కా లేదు, గాడిదా లేదు. జంతువుకైతే మోటు నూనె అడిగేదానివి. సన్న నూనె అడిగావంటే చిరిగింది మనిషి చర్మం. ఆ ఇంట్లో నువ్వూ ఆ ముసలాడూ తప్ప ఇంకెవరున్నారు? నిద్రలో ఉలిక్కిపడి అరుస్తోంది నువ్వే. మీ మామ బార్నబే సంగతి నాకు తెలియదా? సంతలో గాడిద వీపు మీద దుడ్డుకర్ర విరగ్గొట్టిన మనిషి. నన్ను రావద్దని రాయించింది కూడా వాడే.

కొడవలి నూరాను. ఈ వారం నా మోకాళ్ళు పట్టేశాయి గానీ, లేకపోతే ఈపాటికి ఆ కొండెక్కి వాడి పేగులు తీసి కంచెకి ఆరేసేదాన్ని. అందుకే పోలీసు సార్జెంటు దగ్గరికి వెళ్ళి నీ ఉత్తరాలు చూపించాను. గురువారం పొద్దున్నే ముగ్గురిని పంపుతానన్నాడు. "ఎముకలు లెక్కపెట్టి మరీ విరగ్గొట్టండి" అని చెప్పాను. పుండు వెనిగర్‌తో కడిగి, ఆ తర్వాతే నూనె పోసుకో. కషాయానికి చిటికెడు పూలు చాలు.

ఇంక ఏడవకు. నేనున్నాను.

మీ అమ్మ


పై పొలం
జూలై 21

అమ్మా,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. పోలీసులు గురువారమే వచ్చారు.

నువ్వు సరిగ్గానే కనిపెట్టావు, గాయం మనిషిదే. నాది కాదు. సిప్రియన్‌ది.

జూన్ ఆఖర్లో వచ్చాడు. వాళ్ళ పటాలం ఇక చావడానికి వెళ్ళం అని మొరాయిస్తే, వాళ్ళ అధికారులే ఇద్దరిని నిలబెట్టి కాల్చారట. వీడు పారిపోతుంటే వెనక నుంచి భుజంలో కాల్చారు. వాగు దగ్గర పడి ఉంటే మామగారే వీపున వేసుకుని మోసుకొచ్చారు. అమ్మ దగ్గరికి పోదాంరా అంటే, "నాన్న పేరు చెడగొట్టానంటుందక్కా, చంపేస్తుంది" అని వెక్కివెక్కి ఏడ్చాడు. ఉత్తరాలు దారిలో విప్పి చదువుతారని నీకు రాయలేకపోయాను. నీ నూనె పోశాక చీము తగ్గుముఖం పట్టింది. లేచి తిరిగాడు కూడా.

ఆ పోలీసులు సిప్రియన్ వైపు చూడనైనా లేదు. పాలేరనుకున్నారు. "కోడల్ని కొడతావురా, ముసలి పందీ" అంటూ సూప్ తాగుతున్న మామగారి మీద పడి తుపాకీ మడమలతో కుమ్మారు. పక్కటెముకలు విరిగిన చప్పుడు నాకు వినపడింది. "నా ఒళ్ళు చూడండయ్యా, ఒక్క దెబ్బ లేదు" అని చేతులు చాపి అరిచాను. వింటేనా! పెరటి తలుపు తీసే ఉంది, తమ్ముడు పారిపోవచ్చు. పోలేదు. "ఆ ముసలాయన్ని వదలండ్రా" అంటూ కొడవలి తీసుకుని దూకాడు. ఒకడి చెయ్యి మణికట్టు దగ్గర వేలాడింది. ఇంకొకడు వీడి కడుపులో కాల్చాడు. మధ్యాహ్నం దాకా ప్రాణం పోలేదమ్మా. మామగారు లేవలేక నేల మీదే పాక్కుంటూ వచ్చి వాడి తల ఒళ్ళో పెట్టుకున్నారు.

ఒక్క సంగతి నీకు చెప్పకుండా ఉండలేను. గాయం కడగనిచ్చేవాడు కాదు. అందుకని రోజూ అబద్ధం చెప్పేదాన్ని, అమ్మకి అంతా రాశాను, ఏమీ అనదు, ఇవాళో రేపో వచ్చేస్తుంది అని. గురువారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. నేను అటక ఎక్కమంటూనే ఉన్నాను. "అమ్మేనే అక్కా!" అని నవ్వుతూ పరిగెత్తి, గడియ తనే తీశాడు.

నొరీన్