కుక్కపళ్ళ గేరు

మాంపాంగ్

నాయనా ఎన్సియాకి సర్పొమా అత్త దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. కారు ఒక్కటే కులాసాగా లేదు. మీ మామ పోయే ముందు దాని గేరుపెట్టె విప్పించాడు కదా. విప్పినవాడు కారు గేర్లనీ, ఎవరిదో కోకో లారీ గేర్లనీ ఒకే గోనెలో పోసి, ఐవరీకోస్ట్ వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఏడాది కార్యానికని మీ కుటుంబ పెద్ద నానా ఒచెరె కుమాసీ నుంచి వచ్చి కూర్చున్నాడు. "కార్యం నాటికి బండి తనంతట తాను కదలకపోతే పాత ఇనుముకి ఇచ్చేస్తా. అందాకా ఒక్క మేకు గుమ్మం దాటకూడదు" అంటున్నాడు. గోనె నీకు పంపే దారి లేదు. ఏది ఏ గేరో ఎలా పోల్చుకోవాలో రాయి.

నీ అత్త, సర్పొమా

తా.క. ఒక చిన్న గేరు మొక్కజొన్న కెంకే ముద్దలు ఉడికే కుండ మూత మీద బరువుకి పెట్టుకున్నాను. అదీ కావాలా?

*

సువామే మ్యాగజైన్ (మోటారు షెడ్ల వాడ), కుమాసీ

అత్తకి ఎన్సియా నమస్కారాలు.

గాభరా పడకు. నాకు సెలవు కార్యం ముందు ఒక్కరోజే దొరుకుతుంది, అందాకా ఉత్తరాల్లోనే చూద్దాం. లావుపాటి మొరటు పళ్ళవి లారీవి, పక్కన పడెయ్. సన్నపళ్ళవి మనవి. వాటిలో పళ్ళు నిటారుగా ఉంటే మొదటి గేరో, వెనక్కి నడిపేదో. ఏటవాలుగా ఉంటే రెండోదో, మూడోదో. నిటారు పళ్ళతో, లోపలి రంధ్రం నున్నగా ఉన్న బుల్లిది వెనక్కి నడిపించే చక్రం. ముఖ్యంగా కుక్కపళ్ళు చూడు. అరిగాయా, విరిగాయా రాయి.

నీ మేనల్లుడు, ఎన్సియా

తా.క. కుండ మీదిది తక్షణం దించు. అది లేకపోతే బండి ముందుకే పోతుంది, ఇంటికి రాదు.

*

మాంపాంగ్

నాయనా, దీవెనలు.

పళ్ళు చూశాను. కింద ఒకటి వంకర, మిగతావన్నీ గట్టివే. ఈ వయసులో దానికి అలాంటి పళ్ళుండటం ఆశ్చర్యమే. నేను కుక్క నోరు తెరిచి లోపలికి చూస్తుంటే నానా ఒచెరె వచ్చాడు. "మొగుడు పోయిన దిగులుతో మతి పోయింది దీనికి" అని పదిమందికీ చెప్పాడు. కారుకీ మన కుక్కకీ ఏమిటి సంబంధం?

సర్పొమా

తా.క. ఆయన కూడా వంగి చూడబోయాడు. పళ్ళ గుర్తులు ఇప్పుడు ఆయన పిక్క మీద స్పష్టంగా ఉన్నాయి. కావాలంటే కొలిచి పంపుతా.

*

కుమాసీ

అత్తా,

నీ ఉత్తరం చదివి షెడ్డంతా పని ఆపేసింది. కుక్కపళ్ళంటే గేరు పక్కభాగాన పొడుచుకొచ్చే పొట్టి పళ్ళు! పక్క గేరుని అవే పట్టుకుంటాయి, అందుకని ఆ పేరు. ఇంక నువ్వేమీ వర్ణించకు. గేర్లకి రంగు పూసి, గుడ్డ మీద పక్కభాగం అద్ది, తర్వాత దొర్లించు. గుడ్డ పంపు.

ఎన్సియా

తా.క. కుక్కకి దెబ్బలేమీ తగల్లేదు కదా?

*

మాంపాంగ్

నాయనా, దీవెనలు.

గుడ్డ పంపుతున్నాను. బట్టల మీద అచ్చులు వేసే బెరడు రంగు కాచి అద్దాను. నిటారు పళ్ళది దొర్లిస్తే వాన పడ్డట్టు గీతలు, ఏటవాలుది దొర్లిస్తే గాలివాన! ఇంత అందం ఇనుములో ఉందని ఇన్నేళ్ళూ తెలియలేదు. చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. నానా ఒచెరె మాత్రం చేతబడి అంటున్నాడు.

సర్పొమా

తా.క. వాడలో ఆడవాళ్ళకి ఈ అచ్చులు తెగ నచ్చాయి. కార్యానికి అందరూ గేరు గుడ్డలే కడతారట. చేతబడి అన్నాయన భార్యకి రెండు కావాలట.

*

కుమాసీ

అత్తా,

గుడ్డని బల్ల మీద పరిచాను. అన్ని గేర్లూ ఉన్నాయి. కానీ రాయాల్సింది అది కాదు. మా పెద్ద మేస్త్రీ అగ్యే వేలితో ఒక్కో గీత కొసా తడిమి చూశాడు. అలాంటి పాత పెట్టెలో ఇంజను చప్పుడు విని, సరిగ్గా ఆ క్షణానికే గేరు వెయ్యాలి. లేకపోతే పళ్ళ కొసలు చిట్లుతాయి. ఇన్నేళ్ళు నడిచిన బండిలో ఒక్క కొస చిట్లలేదు! "ఇది చెయ్యి కాదురా, చెవి" అన్నాడు అగ్యే. షెడ్డులో అందరూ మామ పేరున టోపీలు తీశారు. నాకు ఏడుపొచ్చింది. శుక్రవారం నేనొచ్చి బిగిస్తాను, కానీ కార్యానికి ఉండలేను, రాత్రికే షెడ్డుకి తిరిగి రావాలి.

ఎన్సియా

తా.క. మామకి సైకిలు కూడా సరిగ్గా రాదని అమ్మ అంటుంది. అసూయ కాబోలు.

*

మాంపాంగ్

నాయనా, దీవెనలు.

నువ్వు బిగించి వెళ్ళావు, కార్యం బాగా జరిగింది. జనమంతా చేరాక నానా ఒచెరె, "బండి బాగైందే అనుకో, నడిపేదెవరు? నడిపేవాడు పోయాడుగా!" అన్నాడు. నేను గేరు గుడ్డ బిగించి కట్టుకుని ఎక్కి కూర్చున్నాను.

మీ మామ ఏనాడూ నడపలేదు నాయనా. పెళ్ళికి ముందు నేను మిషను నర్సమ్మ దగ్గర పని చేశాను, ఆవిడ నేర్పింది. ఆయన పక్కన కూర్చుని దారిలో కనిపించినవాళ్ళకల్లా చెయ్యి ఊపేవాడు. వాడలో ముసలాళ్ళందరికీ తెలుసు. మీరే అడగలేదు.

ఇంజను విన్నాను. గేరు వేశాను. చప్పుడే లేదు. బండి మెత్తగా కదిలి పెద్దాయన ముందు ఆగింది. నానా ఒచెరె తన గొడుగు మూసి, తలుపు తెరిచి, "అమ్మా, కూర్చోవచ్చా?" అని అడిగాడు.

నీ అత్త, సర్పొమా

తా.క. వచ్చే ఆదివారం మీ అమ్మని చూడ్డానికి కుమాసీ వస్తున్నా. రోడ్డు పక్క కోళ్ళని కట్టేసుకోమను.