నాచు మీద మూడు క్రెడిట్లు

మార్చి 3
డిగ్రీ ఆగిపోయింది. నాలుగేళ్ళు కంప్యూటర్ సైన్స్ చదివి, ఉద్యోగం చేతిలో పెట్టుకుని, మూడు క్రెడిట్ల దగ్గర బోర్లా పడ్డాను. మెయిన్‌తో పాటు బయటి సబ్జెక్టులూ చదవాలనే జనరల్ ఎడ్యుకేషన్ కాగితంలో ‘జీవశాస్త్రం, ఫీల్డ్ వర్క్‌తో’ అన్న గడి ఖాళీగా ఉందట. రెండో ఏడు ‘ప్రకృతి, తత్వం’ చదివాను కదా అన్నాను. అది ఫిలాసఫీ కిందికి వస్తుందమ్మా, ప్రకృతి పేరెత్తారుగానీ గది దాటి బయటికి వెళ్ళలేదు కదా అన్నాడు గుమాస్తా, ఎంతో మర్యాదగా. మర్యాదగా చెప్తే ఇంకా మండుతుంది.

ఏప్రిల్ 30 లోపు సర్టిఫికెట్ చూపించకపోతే కంపెనీవాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారు.

మార్చి 4
సీటు ఖాళీ ఉన్న కోర్సు ఒక్కటే. నాచు.

మార్చి 5
అక్క నోట్లో పేస్టుతోనే విరగబడి నవ్వింది. మన బాత్‌రూమ్ మూలన నువ్వు పెంచుతున్నది హోంవర్కని ముందే చెప్పొచ్చు కదే, అనవసరంగా తిట్టాను అంది. నాన్న మాత్రం, ఎవరైనా అడిగితే బోటనీ అని చెప్పు తల్లీ, నాచు దాకా వెళ్ళకు అన్నాడు.

మార్చి 9
తొమ్మిదిమందిమి. అందరం గడి ఖాళీగా ఉండి ఇరుక్కున్నవాళ్ళమే. మేడం మెడలో తాడు, తాడుకో భూతద్దం. లైబ్రరీ వెనక తలా ఒక భూతద్దం, ఒక జానెడు గోడ ఇచ్చి, దాని చుట్టూ సుద్దముక్కతో చదరం గీయించింది. ఆరు వారాలు, వారానికి రెండుసార్లు, గంటసేపు చూడాలి. ఫోన్లు ఆమె దగ్గర. చివర్లో ఆ చదరం నుంచి బతికున్న నమూనా ఇవ్వాలి. లేకపోతే ఫెయిల్.

ఉండబట్టలేక అడిగేశాను, ప్రోగ్రాములు రాసుకునేదానికి నాచెందుకండీ అని. నేను చదివేటప్పుడు నాకు స్టాటిస్టిక్స్ అంటగట్టారమ్మా, ఏడాదంతా తిట్టుకున్నాను, ఇప్పుడు ఈ చదరాలు గీయించి లెక్కలు తీస్తున్నది దాని పుణ్యమే అంది. నాచు నీకెందుకు పనికొస్తుందో ముందే తెలిస్తే నీ మెయిన్ సబ్జెక్టులోనే కలిపేసేవాళ్ళం కదా అంది.

మార్చి 12
గంటలో పంతొమ్మిదిసార్లు వాచీ చూసుకున్నాను. నాచు ఒక్కసారీ కదల్లేదు.

మార్చి 23
కదిలింది!

ఎండలకి చదరమంతా ఎండి టీపొడిలా అయింది. చచ్చిందనుకున్నాను. నా బాటిల్ మూత ఊడి నీళ్ళు చిమ్మాయి. రెండు నిమిషాలు. ముడుచుకున్న ఆకులు ఒక్కొక్కటే విప్పుకుని పచ్చగా లేచాయి, నా కళ్ళముందే. కేక పెట్టాను. లైబ్రరీ కిటికీలోంచి ఎవరో ‘ష్’ అన్నారు. వాళ్ళకేం తెలుసు.

ఏప్రిల్ 6
మూడు రకాల నాచు, ఒక ఎర్ర పురుగు. చాలా మర్యాదగా నడుస్తుంది. గుమాస్తా అని పేరు పెట్టాను. వాచీ ఇంట్లో మరిచిపోయాను.

ఏప్రిల్ 13, ఉదయం తొమ్మిది
గోడ ఉంది. నాచు లేదు. కాన్వొకేషన్ వస్తోందని వెనక గోడలన్నీ గీకించారట. నాకు డిగ్రీ ఇచ్చే సభ కోసం నా డిగ్రీని గీకేశారు.

అదే రోజు, పదకొండు
గీకింది ఒక పెద్దావిడ. ఇనుప బ్రష్, మోకాళ్ళ దాకా బురద. పోట్లాడదామని వెళ్ళి, సగంలోనే ఏడ్చేశాను. గోడకి ముక్కు ఆనించి కూర్చునే పిల్లవి నువ్వేనా, గోడతో నీకేం గొడవో అనుకునేదాన్ని అంది. గీత గీసి పెట్టుకున్నారంటే ఎవరికో కావలసిందే కదా అని, చదరాల్లోది మాత్రం దేనికది విడిగా పాత పెయింట్ డబ్బాల్లో పోసి ఉంచిందట.

నా డబ్బాలో గోధుమరంగు పొట్టు. నీళ్ళు చిలకరించాను. ఇద్దరం తలలు ఆనించి చూశాం. ఒక నిమిషం. రెండు. మూడు. అంచున ఒక చుక్క పచ్చగా. దాని పక్కన ఇంకోటి.

ఆవిడ నా భూతద్దం లాక్కుంది, మళ్ళీ ఇవ్వలేదు. పదకొండేళ్ళుగా గీకుతున్నాను, మొండిదని తెలుసుగానీ ఇలా నిద్ర లేస్తుందని తెలియదు అంది. ఇది చావకపోబట్టే నా ఉద్యోగం నిలిచింది తల్లీ అంది. నాదీ అంతే పెద్దమ్మా అన్నాను.

ఏప్రిల్ 20
డబ్బాతో పాటు పెద్దమ్మనీ క్లాసుకి తీసుకెళ్ళాను. ఏ గోడ మీద ఎన్నాళ్ళకి మళ్ళీ వస్తుందో గంటసేపు చెప్పింది. మేడం రాసుకుంటూనే ఉంది. మధ్యలో పెన్ను అయిపోతే నాది లాక్కుంది.

రిపోర్టులో చివరి ప్రశ్న: ఈ కోర్సు మీకెందుకు? పెద్ద పెద్ద మాటలు నాలుగు వరసలు రాసి కొట్టేశాను. ‘ఇంకా తెలియదు’ అని రాశాను.

ఏప్రిల్ 28
సర్టిఫికెట్! గుమాస్తా మర్యాదగా అందించాడు. పురుగు సంగతి చెప్పలేదు.

మే 4, మధ్యాహ్నం 1:10
ఉద్యోగంలో మొదటి రోజు. అందరూ భోజనానికి వెళ్ళారు. వెనక మెట్ల దగ్గర, ఏసీ నీళ్ళు కారేచోట, రెండు రకాలు. సుద్దముక్క తెచ్చుకోవాలి.