రెండో పేరుకీ మూడో పేరుకీ మధ్య

లలితక్కకు,

నీ చెల్లెలు వసుంధర నమస్కారం పెట్టి చెప్పుకునే సంగతులు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారు మాత్రలు వేళకు వేసుకుంటున్నారా, లేక మళ్ళీ తనే డాక్టరైపోయారా? మొన్ననేగా ఫోన్‌లో మాట్లాడుకున్నాం, ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. నువ్వేమో ఫోన్ స్పీకర్‌లో పెట్టి కూర తరుగుతావు, ఇంట్లో అందరూ వింటారు. ఇది నువ్వొక్కదానివే చదవాల్సిన మాట.

అమెరికాలో మా ఊరు మోరిస్‌విల్‌లో ఇప్పుడు పైన్ చెట్ల పుప్పొడి కాలం. కార్లు, కిటికీలు, గుమ్మం అన్నీ పసుపు చల్లినట్టున్నాయి. మన పసుపైతే సంతోషించేదాన్ని, ఇది తుమ్ములు తెప్పిస్తుంది. ఇండియన్ స్టోర్‌లో గోంగూర దొరుకుతోంది గానీ పులుపు లేదు. ఎవరైనా వస్తుంటే కాసిని చల్ల మిరపకాయలు పంపు. నా వర్క్ పర్మిట్ ఇంకా రాలేదు. మీ మరిది పొద్దున్నే కాల్స్‌లో కూర్చుంటే మళ్ళీ సాయంత్రానికే లేస్తారు. మధ్యాహ్నాలు గడవవు అక్కా. ఒక్కోరోజు మనిషి గొంతు వినాలనిపించి, స్టవ్ దగ్గర నిలబడి నాతో నేనే పైకి మాట్లాడుకుంటాను. బెంగపడకు, ఆరోగ్యంగానే ఉన్నాను.

వారానికి రెండు రోజులు దగ్గర్లో ఉన్న లైబ్రరీకి వాలంటీర్‌గా వెళ్తున్నానని చెప్పానుగా. జీతం లేదు, మాటలు దొరుకుతాయి. అక్కడ మార్గరెట్ అనే పెద్దావిడ తొమ్మిది పెట్టెల పాత కాగితాలు ఇచ్చింది. తొంభైకి దగ్గరపడిన మనిషి, వాకర్ పట్టుకుని నడుస్తుంది. ఆవిడ భర్త ఇప్పుడు లేరు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఆఫ్రికాలో అప్పుడే స్వతంత్రం వచ్చిన ఒక చిన్న దేశంలో అమెరికా ఎంబసీలో పనిచేశారు. ఆ దేశం తర్వాత పేరు మార్చుకుంది, ఆవిడ మాత్రం ఇప్పటికీ పాత పేరే అంటుంది.

ఆ కాగితాలతో చిన్న ఎగ్జిబిషన్ పెడదామన్నారు. సర్దే పని నాకొచ్చింది. స్వతంత్రం వచ్చిన కొత్తలో హోటల్‌లో రెండు గదులు తీసుకుని ఎంబసీ తెరిచారట. స్నానాల తొట్టి మీద చెక్క పరిచి దాని మీద టైప్‌రైటర్ పెట్టుకున్నారట. మొదటి రాయబారి వచ్చి ఆ దేశాధ్యక్షుడి చేతికి తన నియామక పత్రం ఇచ్చారు. ఆ పత్రం అందిస్తేనే రాయబారి అయినట్టు, లేకపోతే ఎంత పని చేసినా లెక్కలోకి రారు. రెండో ఆయనకి జబ్బు చేసి వెళ్ళిపోయారు. మూడో ఆయన రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ ఆఫీసు నడిపింది మార్గరెట్ భర్తే. వరదలొస్తే మందులు తెప్పించిందీ, ఖర్చు దండగ, మూసేద్దామని పైవాళ్ళంటే వద్దని ఉత్తరం మీద ఉత్తరం రాసిందీ ఆయనే. కానీ ఆయన చేతిలో పత్రం లేదు కదా. ఏ సభకెళ్ళినా మొగుడూ పెళ్ళాలకి రాయబారులందరి వెనకా చివరి కుర్చీలే.

లైబ్రరీలో ఇలాంటివి చూసే డేవిడ్, రాయబారుల పేర్లూ తేదీలూ వరసగా రాసి ఒక పెద్ద బోర్డు తయారు చేశాడు. రెండో పేరుకీ మూడో పేరుకీ మధ్య, పద్నాలుగు నెలల తేదీల పక్కన, "ఖాళీ" అని ఉంది. మార్గరెట్‌కి చూపించాను. చాలాసేపు చూసి, తప్పేమీ లేదంది. వెళ్ళబోతూ నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన పేరు పెట్టమని అడగను. ఖాళీ అన్న మాట ఒక్కటీ తీసేయించగలవా? మేం అక్కడే ఉన్నాం కదా."

అక్కా, నాకు నువ్వు గుర్తొచ్చావు. మీ బళ్ళో హెడ్మాస్టరు కుర్చీ వెనక చెక్క బోర్డు ఉండేది. పేరు, నుండి, వరకు అని మూడు గడులు. పాత ఇన్‌ఛార్జిల పేర్లు కూడా పక్కన చిన్న అక్షరాలతో ఇన్‌ఛార్జి అని పెట్టి రాసేవారు. రెగ్యులర్ హెడ్మాస్టరు రాక పదహారు నెలలు ఆ బడిని నువ్వు లాక్కొచ్చావు, మధ్యాహ్న భోజనం బియ్యం దగ్గర్నుంచి పదో తరగతి హాల్ టికెట్ల దాకా. కొత్తాయన వచ్చి తన పేరు రాయించుకోవడానికి పెయింటర్ని పిలిపించారు. ఆ సాయంత్రం నువ్వు నన్నడిగావు, నా పేరు కూడా రాయమంటే బాగుంటుందా అని. నేను పకపకా నవ్వాను.

"ఇన్‌ఛార్జికి కూడా బోర్డేంటక్కా, రేపు ప్యూను పేరు కూడా రాయమంటావు."

నువ్వూ నవ్వేసి గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయావు. మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఇంటికొచ్చి మార్గరెట్ సంగతి చెబితే, ఫ్రీగా చేసే పనికి ఇంత టెన్షన్ ఎందుకు, లైట్ తీసుకో అన్నారు మీ మరిది. నేను తీసుకోలేదు. పెట్టెల్లోంచి ఆ పద్నాలుగు నెలల ఉత్తరాలూ ఏరి డేవిడ్ టేబుల్ మీద వరసగా పేర్చాను. ప్రతి ఉత్తరం కిందా ఆయన సంతకమే. డేవిడ్ మంచివాడే గానీ రూలు మనిషి. ఇది రాయబారుల జాబితా, ఆయన రాయబారి కాదు అన్నాడు. నా ఇంగ్లీషు ఎప్పుడూ సగం గొంతులోనే ఆగిపోతుంది, ఆరోజు ఆగలేదు. మా దగ్గర బళ్ళలో ఇన్‌ఛార్జి పేరు కూడా తేదీలతో సహా రాస్తారు, దానివల్ల ఎవరి గౌరవమూ తగ్గిపోదు అని చెప్పాను. చెబుతుంటే సిగ్గేసింది. నీ పేరు రాయకుండా అడ్డం పడింది నేనేగా.

డేవిడ్ ఉత్తరాలన్నీ చదివాడు. మర్నాడు బోర్డు మళ్ళీ ప్రింట్ చేయించాడు. ఖాళీ అన్న చోట మార్గరెట్ భర్త పేరు, తేదీలు, పక్కన చిన్న అక్షరాల్లో తాత్కాలిక బాధ్యత అని.

ప్రారంభం రోజు ఆవిడకి ముందు వరసలో కుర్చీ ఉంచాం. ఆవిడ వాకర్ తోసుకుంటూ నేరుగా చివరి వరసకి వెళ్ళి కూర్చుంది. అడిగితే అలవాటంది. నేనూ పక్కనే కూర్చున్నాను. అంత దూరం నుంచి అక్షరాలు కనబడక నన్ను చదవమంది. మూడుసార్లు చదివించుకుంది.

ఇంటికొచ్చి బాగా ఏడ్చాను. ఇక్కడ ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే, పర్మిట్ కోసం వెయిట్ చేస్తున్నానంటాను. ఆ కాగితం వచ్చేదాకా నేను లెక్కలోకి రానట్టే బతుకుతున్నాను. ఆరోజు నువ్వు గిన్నెల దగ్గర అంతసేపు ఎందుకుండిపోయావో ఇప్పుడు అర్థమైంది. నన్ను క్షమించు అక్కా.

మోకాలు కాస్త నెమ్మదించాక బడికి వెళ్ళి, బోర్డు మీద నీ ముందు హెడ్మాస్టరు పేరుకీ కొత్తాయన పేరుకీ మధ్య చోటుందేమో చూడు. లేకపోతే చివర్న రాయించు. నాకు ఫోటో పెట్టు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు నా ముద్దులు. నా కాగితం త్వరగా రావాలని పెద్దదానివి నువ్వు దీవించు.

కవరు మీద నీ పేరు కింద ఇన్‌ఛార్జి ప్రధానోపాధ్యాయురాలు, రిటైర్డ్ అని రాశాను. మీ పోస్ట్‌మాన్ వీధిలో నిలబడి గట్టిగా చదివి పిలుస్తాడు. చదవనీ.

నీ చెల్లెలు,
వసుంధర