ముప్పై ఒకటో నంబరు కార్డు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఉత్తరం చూసి కంగారు పడకు, ఇక్కడందరం బాగానే ఉన్నాం. ఫోన్ చెయ్యకుండా ఈ కాలంలో ఉత్తరమేమిటి అనుకుంటున్నావు కదూ. చెప్తాను.

నువ్వు పంపిన జోస్యం కార్డుల కట్ట అందింది. మీ ప్రెస్సులో ఇలాంటివి కూడా అచ్చవుతాయని నాకు తెలియదు. ఇన్నాళ్ళూ బిస్కెట్ల అట్టపెట్టెలూ మందుల డబ్బాలూ తప్ప నీకేమీ రావనుకున్నాను. మా వీధిలో కుట్టుపని నేర్పే టీచరమ్మ దగ్గర కూడా ఒక కట్ట ఉంది. అన్నీ చంద్రుళ్ళూ, నక్షత్రాలూ, జుట్టు విరబోసుకున్న ఆడవాళ్ళూ. చూస్తే ఆవలింత వస్తుంది. నీ కార్డుల్లో ఎంత జీవితముందో! ఒకడు తడి నేల మీద కాలు జారి గాల్లోకి లేచాడు. ఇంకొకడి చెయ్యి రెండు పళ్ళచక్రాల మధ్య ఇరుక్కుంది. ఒక కంట్లోకి ఎక్కడినుంచో నీటిధార పడుతోంది. ఒకడు మోకాళ్ళు వంచి ఇంత పెట్టెను గుండెకు హత్తుకుని లేపుతున్నాడు. సంసారం మొయ్యడమంటే అదే కదా! వెనకవైపు ఒక్క గీత కూడా లేదు, ఖాళీ తెలుపు. ఆ నిగర్వం నాకు భలే నచ్చింది.

మొదటిరోజే కళ్ళు మూసుకుని ఒకటి తీశాను. సెల్‌ఫోన్ బొమ్మ, దానిమీద అడ్డంగా ఎర్రగీత. వెంటనే ఫోన్ ఆపేసి బీరువాలో చీరల కింద పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

మీ బావగారు మామూలే. పార్సిళ్ళ గోడౌను నుంచి వస్తారు, బొటనవేలికి అంటిన స్టాంపు ప్యాడు ఊదారంగు తోముకుంటారు, అది పోదు, కాఫీ తాగుతారు, పాత గడియారమొకటి విప్పుకుని కూర్చుంటారు. కార్డులు చూపిస్తే ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూసి, దగ్గొచ్చినట్టు మొహం పెట్టి, "బాగున్నాయి" అన్నారు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నా వస్తువు దేన్నైనా ఆయన బాగుందనడం ఇదే మొదలు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: అర్థాలు చెప్పే చిన్న పుస్తకం కట్టలో లేదు, పంపించు. అందాకా నాకు తోచింది చెబుతున్నాను. నిన్న కూరగాయల కొట్టావిడకి కాలు జారుతుందని చెప్పాను. అప్పుడే నిజమైపోయింది. మా మెట్ల మీదే జారింది.

*

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం మిషను మోతలో చదివాను, సగమే తలకెక్కింది. నువ్వు ఫోన్ ఆపేశాక చిన్నమ్మ నీకు చెప్పే గంటసేపు కబుర్లూ నాకు చెబుతోంది. నీకు పుణ్యముంటుంది, ఇంకో కార్డు తియ్యి.

బొమ్మల సంగతి మాత్రం నన్నడగొద్దు. పంతొమ్మిదేళ్ళుగా అచ్చేస్తున్నాను గానీ ఒక్క బొమ్మా చూడలేదు. ఎరుపు పక్కకి జరిగిందా, పసుపు పలచబడిందా, అంచు సరిగ్గా తెగిందా, ఇంతే మేం చూసేది. నా పెళ్ళి శుభలేఖ నేనే అచ్చేసుకున్నాను, గుర్తుందిగా? ఎరుపు బ్రహ్మాండంగా వచ్చింది. తేదీ తప్పు పడింది.

నీకు వాటిమీద అంత నమ్మకం ఎందుకో నాకర్థం కావడంలేదు. ఆ అర్థాలు రాసినాయన మా క్యాంటీన్లో కూర్చుని ఒక్క మధ్యాహ్నంలో నలభై ఎనిమిదీ రాసిచ్చి వెళ్ళాడు. ఆకలేసినప్పుడు రాసినవి కాస్త దిగులుగా ఉంటాయి, టీ వచ్చాక రాసినవాటిలో అందరికీ ప్రమోషన్లే. కిందటిసారి పుస్తకంలో రెండు పేజీలు తారుమారయ్యాయి. పెళ్ళి ఉండాల్సిన చోట మరణం, మరణం ఉండాల్సిన చోట పెళ్ళి పడ్డాయి. వేల కట్టలు అమ్ముడుపోయాయి, ఒక్కళ్ళూ ఫిర్యాదు చెయ్యలేదు. ఇద్దరైతే అక్షరాలా జరిగిందని మెచ్చుకుంటూ రాశారు.

పుస్తకం పంపుతున్నాను. ఇక్కడో శుభవార్త. వచ్చే నెల మా ఫోర్‌మన్ రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ నాకే అంటున్నారు. ఇన్నేళ్ళలో నా పేరు మీద ఒక్క పొరపాటూ లేదు మరి. శుభలేఖ సొంతపని కాబట్టి లెక్కలోకి రాదు.

ఉంటాను,
నీ తమ్ముడు

తా.క.: కార్డు మూల మీద నంబరుంటుంది. పుస్తకంలో అదే నంబరు దగ్గర చూసుకో. తేడా వచ్చే ప్రసక్తే లేదు, కట్టలు కట్టింది నేనే.

*

ఫోర్‌మన్ కాబోయే తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. పుస్తకం అందింది. క్యాంటీన్లో రాశాడని ఎగతాళి చేశావు గానీ ఆయన మహానుభావుడు. తొమ్మిదో నంబరు తీసి చూశాను. చక్రాల మధ్య చెయ్యి నలుగుతున్న బొమ్మ. పుస్తకంలో ఏముందో తెలుసా? "ఇద్దరి జీవితాలు విడదీయరానంతగా పెనవేసుకుంటాయి." పెళ్ళి గురించి ఇంత నిజం చెప్పిన బొమ్మ నేనింతవరకు చూడలేదు. ఇరవై రెండో నంబరు సీసా, దానిమీద పుర్రె, రెండు ఎముకలు. "దూరపు బంధువులు వస్తారు." వచ్చారు తమ్ముడూ! మీ బావగారి పెదనాన్నగారి కుటుంబం, ఆరుగురు, నాలుగు రోజులున్నారు.

పద్నాలుగో నంబరులో ఒక మనిషి చెవులకు రెండు గిన్నెల్లాంటివి బోర్లించుకున్నాడు. "అంతర్వాణిని మాత్రమే వినండి" అని దాని అర్థం. అది మీ బావగారికి రోజూ సాయంత్రం వస్తోంది. అప్పటినుంచి నేనేం చెప్పినా ఆయనకి వినిపించడంలేదు. అడిగితే "అంతర్వాణి" అంటున్నారు.

ఇంటికి జనం పెరిగారు. చదువు లేనివాళ్ళు ముందు గుమ్మంలోంచి వచ్చి అడిగి పోతున్నారు. చదువుకున్నవాళ్ళు చెప్పులు చేతిలో పట్టుకుని పెరటి గుమ్మంలోంచి వస్తున్నారు. బ్యాంకు మేనేజరుగారు కారు రెండు వీధుల అవతల ఆపి, "నాకిలాంటివాటిమీద నమ్మకం లేదు" అంటూ మూడు కార్డులు తీయించుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. ముప్పై ఒకటో నంబరు. పచ్చటి బొమ్మ, అందులో తెల్లటి తలుపు, ఆ తలుపులోంచి బయటికి పరిగెత్తుతున్న మనిషి. "మిమ్మల్ని బంధించిన చోటును వదలండి. వెనక్కి చూడకండి. మీ చేతిలోని విద్యే మీకు దారి." ఇది మీ బావగారికి వరసగా నాలుగు ఆదివారాలు వచ్చింది. నేనే కలుపుతాను, ఆయన కట్టను మధ్యకి ఒకసారి విడదీసి ఇస్తారు, అంతే. ఆ ఒక్క కార్డుకే మూలన ఊదారంగు మచ్చ కూడా ఉంది. ప్రత్యేకంగా గుర్తు పెట్టిన కార్డన్నమాట.

నిన్న ఆయన రాజీనామా రాశారు. ఒకటో తారీఖున పై ఆఫీసుకి పోస్టు చెయ్యమని కవరు నా చేతికే ఇచ్చారు. ముందుగదిలో బల్ల వేసుకుని గడియారాలు బాగుచేస్తారట. నాకు భయంగానే ఉంది తమ్ముడూ. మా పెళ్ళికీ ఆ ఉద్యోగానికీ ఒకే వయసు. చూస్తూ చూస్తూ ఎలా వదలమంటాను? కానీ కార్డు నాలుగుసార్లు అబద్ధం చెబుతుందా?

ఇట్లు,
నీ అక్క

తా.క.: పక్కింటాయనకి మంటలార్పే ఎర్ర సిలిండరు బొమ్మ వచ్చింది. పుస్తకంలో "మీ తొలిప్రేమ ఫలిస్తుంది" అని ఉంది. ఆయనకి డెబ్బై ఒకటి. వాళ్ళావిడ పొద్దుటినుంచి మా గుమ్మంలో నిలబడి ఆ మనిషి ఎవరో చెప్పమంటోంది.

*

అక్కా,

ముందు ఆ రాజీనామా పోస్టు చెయ్యకు. కూర్చుని చదువు.

అవి జోస్యం కార్డులు కావు. యంత్రాల కార్ఖానావాళ్ళు పనివాళ్ళ కోసం వేయించిన జాగ్రత్త బొమ్మలు. రెండు పనులూ ఒకే వారంలో వచ్చాయి. రెండూ నలభై ఎనిమిదే, ఒకే కొలత, ఒకే బూడిదరంగు కాగితంలో చుట్టాం. నీకు పంపాల్సిన కట్ట వాళ్ళకి పంపాను, వాళ్ళ కట్ట నీకు పంపాను. రంగు మాత్రం రెండింటిలోనూ బాగా వచ్చింది.

చక్రాల్లో చెయ్యి పెడితే నలుగుతుందని ఆ బొమ్మ, పెళ్ళి కాదు. కంట్లో రసాయనం పడితే కడుక్కోమని నీటిధార. మిషను దగ్గర ఫోన్ మాట్లాడొద్దని ఎర్రగీత. పుర్రె విషానికి గుర్తు, బావగారి పెదనాన్నగారికి కాదు. పరిగెత్తే మనిషి అంటే మంటలంటుకుంటే ఇటునుంచి పారిపోండి అని. అంతకుమించి వాడికేం తెలియదు.

నిన్న పనిమీద ఆ కార్ఖానాకి వెళ్తే, నీకు పంపాల్సిన జోస్యం కార్డులు యంత్రాల మీద అంటించి ఉన్నాయి. కోత యంత్రం మీద కొడవలి పట్టుకున్న అస్థిపంజరం. క్రేను కింద కూలిపోతున్న బురుజు. నిచ్చెన పక్కన తలకిందులుగా వేలాడుతున్న మనిషి. పనివాళ్ళు ఆ బొమ్మల ముందు ఊపిరి బిగబట్టుకుని పని చేస్తున్నారు. నలభై రోజులుగా అక్కడ ఒక్క వేలు తెగలేదట! మేనేజరు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మా ప్రెస్సుకి ప్రశంసాపత్రం కూడా రాశాడు. అది చూసే నాకు ఫోర్‌మన్ కుర్చీ ఇస్తున్నారు.

నిజం బయటపడితే కుర్చీ మాట అటుంచి, ఇప్పుడు కూర్చునే స్టూలు కూడా పోతుంది. అయినా సరే, నీకు చెప్పకుండా ఉండలేను. నా మూలంగా బావగారి ఉద్యోగం పోతే ఆ భారం నేను మొయ్యలేను, మోకాళ్ళు ఎంత వంచినా. ఆయనకి నువ్వే మెల్లగా చెప్పు. ఇది చదివి చింపెయ్యి.

క్షమించమని,
నీ తమ్ముడు

తా.క.: దిగులుగా ఉంటే మీ మరదలు అసలు కట్టలోంచి నాకో కార్డు తీసింది. 'మూర్ఖుడు' అనే కార్డు వచ్చింది. ఆ శాస్త్రం మీద నాకు మొదటిసారి గురి కుదిరింది.

*

బావమరిదికి,

బావ దీవెనలు. నీ ఉత్తరం గోడౌను దగ్గర ఎదురుపడి పోస్ట్‌మాన్ నా చేతికిచ్చాడు. మీ అక్క పేరున్నా విప్పి చదివాను. ఇరవై రెండేళ్ళలో ఇది నా మొదటి దొంగతనం.

నువ్వు కొత్తగా చెప్పిందేమీ లేదు. అవేం బొమ్మలో నాకు మొదటిరోజే తెలుసు. గోడౌనులో నా కుర్చీకి ఎదురుగా, తలుపు మీద, ఆ పరిగెత్తే మనిషి ఉంటాడు. ఇరవై రెండేళ్ళుగా వాడు పరిగెత్తుతూనే ఉన్నాడు, నేను కూర్చునే ఉన్నాను.

గడియారాల సంగతి మీ అక్కతో ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. నేను నోరు తెరిచేలోపు ఆవిడ రెండు విషయాలు చెప్పేస్తుంది. మూడోది నాది, అదెప్పుడూ మర్నాటికి వాయిదా. కార్డు చెబితే మాత్రం చేతులు కట్టుకుని వింటుంది. సరేనని ఆదివారం ఆదివారం కట్ట విడదీసేటప్పుడు ముప్పై ఒకటిని పైకి జరిపాను. రోజూ పార్సిళ్ళు సర్దే చెయ్యి, కష్టమనిపించలేదు. చెవుల కార్డూ నా పనే. ఫోన్ కార్డు మాత్రం నాది కాదు, అది దైవలీల.

కాబట్టి నీ ఉత్తరం నా దగ్గరే ఉంటుంది. నువ్వు ఫోర్‌మన్‌వి అవు, నేను గడియారాలు విప్పుకుంటాను, మీ అక్క జోస్యం చెప్పుకుంటుంది. పన్నెండో నంబరులో ముక్కూ నోరూ కప్పుకున్న మనిషి ఉన్నాడు. ఇకనుంచి అతనే నీకు ఆదర్శం.

ఉంటాను,
మీ బావ

తా.క.: మీ అక్క తెలివైనదే. కాకపోతే బొమ్మ ఎదురుగా ఉంటే ఇంకేమీ కనపడదు. రేపే ఒకటో తారీఖు.

*

(అదే కాగితం వెనకవైపు)

ఒరే తమ్ముడూ,

పై ఉత్తరం అంటించి, పోస్టు చెయ్యమని మీ బావ నాకే ఇచ్చారు. ఇరవై రెండేళ్ళ అలవాటు మరి. విప్పి చదివాను, ఆయన చొక్కా జేబులో నీ ఉత్తరం కూడా దొరికింది. పార్సిళ్ళు కట్టడంలో మొనగాడే గానీ రహస్యం దాచడం ఆయనకి ఇలా వచ్చు.

నీకు పోయిన ఉత్తరం రాసిన మర్నాడే మేం సినిమాకి వెళ్ళాం. దీపాలు ఆర్పగానే తలుపు మీద నా ముప్పై ఒకటో నంబరు వెలుగుతున్నాడు. పక్కన మీ బావ గుటకలు మింగుతున్నారు. ఇక ఆ ఊదారంగు మచ్చ ఎవరి బొటనవేలిదో కనుక్కోవడానికి నాకు అంతర్వాణి కావాలా?

ఒళ్ళు మండింది. పక్కలో పడుకునే మనిషి నాతో మాట్లాడటానికి కార్ఖానా బొమ్మను అడ్డం పెట్టుకుంటాడా! నిలదీద్దామని నోటిదాకా వచ్చింది. ఆ తర్వాత, నేను నోరు మూసుకుని ఆయన మాట విన్న రోజు ఒక్కటైనా ఉందా అని వెతుక్కున్నాను. దొరకలేదు. ఊరుకున్నాను.

నిన్న ఒకటో తారీఖు. కార్డులన్నీ బల్లమీద బోర్లించి, "ఇవాళ కార్డు లేదు, మీకేం కావాలో మీరే చెప్పండి" అన్నాను. ఆయన గోడ గడియారం చూశారు, నేల చూశారు, బొటనవేలు చూసుకున్నారు. నేను నాలుక కరుచుకుని కూర్చున్నాను. చివరికి, "నాకు రేపట్నుంచి గోడౌనుకి వెళ్ళాలని లేదే. గడియారాలు బాగుచేసుకుంటూ ఇంట్లో ఉండాలనుంది" అన్నారు. తమ్ముడూ, నాకు ఏడుపొచ్చింది. వెంటనే చెప్పులేసుకుని వెళ్ళి రాజీనామా పోస్టులో వేసొచ్చాను.

జోస్యం మాత్రం మానను. వచ్చేవాళ్ళకి ఏ బొమ్మైనా ఒకటే. మీ బాధేమిటని అడిగితే ఎవరూ చెప్పరు. కాలు జారినవాడి బొమ్మ చూపిస్తే బ్యాంకు మేనేజరు కూడా వెక్కి వెక్కి ఏడుస్తాడు. నీ కుర్చీకి నా వల్ల ఢోకా లేదు, హాయిగా కూర్చో.

ఇట్లు,
నీ అక్క

తా.క.: నా కట్ట నలిగిపోయింది, కొత్తది పంపించు. జాగ్రత్త బొమ్మలవే పంపు, ఆ చంద్రుళ్ళు నాకొద్దు. ముప్పై ఒకటో నంబరు మాత్రం తీసేసి పంపు. ముందుగదిలో పదిహేడు గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి, ఆయన మొదటిరోజే పొద్దుటినుంచి ఇల్లు కదల్లేదు. ఈసారి ఆ కార్డు నాకు వచ్చేలా ఉంది.