మిషన్ కింద ఇటుకలు

అక్కా,

"వాతావరణ సభలో దేశాలన్నీ కూర్చుని ఏం తేల్చాయే? కుట్టుమిషన్ కింద ఇటుకలు పెట్టాలా, వద్దా?" అని అడిగావు.

ఆ సభ ఫలితం మీద మా ఆఫీసు నివేదిక రాసింది నేనే. "చెప్పుకోదగ్గ పురోగతి" అని రాశాను. పైఅధికారి మెచ్చుకున్నాడు. పొగ తగ్గిస్తామని అందరూ ఒప్పుకున్నారు గానీ, ఎప్పటికల్లానో ఎవరూ చెప్పలేదు.

రెండేళ్ల కిందటి సభలో దేశాలు పెట్టిన సంతకాలు చూసి మురిసిపోయి, "ఇంక సముద్రం మన వీధిలోకి రాదులే" అన్నాను. నా మాట నమ్మి ఇటుకలు తీసేశావు. నీళ్లొచ్చి మిషనూ, గుడ్డలూ అన్నీ తడిసినా నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ తడిసిన గుడ్డతోనే నాకు కోటు కుట్టావు. మొన్న సభకు అదే వేసుకెళ్లాను. చేతి దగ్గర ఉప్పు మరక ఇంకా పోలేదు.

ఈసారి రెండు వరసలు పెట్టాలక్కా. నువ్వు ఒక్కదానివే ఎత్తకు. ఆదివారం వచ్చి నేనే మోస్తాను.

నీ చెల్లి